ఇంగువ మజ్జిగ

పిల్లకి గోధుమ పడదని కాకినాడ డాక్టరుగారు చెప్పినప్పుడు సూర్యకుమారికి నవ్వొచ్చినంత పనయింది. రెండేళ్లుగా ఆస్పత్రుల చుట్టూ తిరిగింది దీనికా! మామిడికుదురులో మూడు పూటలా వరి అన్నం తినే ఇల్లు. గోధుమ మానేస్తే కొంపేం మునిగిపోదు. కానీ ఎనిమిదేళ్ల దుర్గాశ్రీ ఐదేళ్ల పిల్లలా ఉంది. కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం ఉబ్బు.

"పిసరంత లోపలికి వెళ్లినా పేగు పాడవుతుందమ్మా. పెరిగే వయసులో పెరగకపోతే తర్వాత మేం చెయ్యగలిగింది తక్కువ" అన్నారాయన.

ఆ రోజు నుంచి సూర్యకుమారి పట్టు పట్టింది. బిస్కెట్లు, బ్రెడ్డు, సేమ్యా, ఉప్మారవ్వ ఇంట్లోంచి పోయాయి. పెళ్లి భోజనాలకి పిల్లని తీసుకెళ్లడం మానేసింది. పక్కింటి బేబీ పిన్నిగారు ముద్దుకి పూరీ ముక్క పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఆవిడ అలిగి మాటలు మానేసింది. మానితే మాననీ, పిల్ల బతకాలి కదా!

ఆరు నెలలైనా దుర్గాశ్రీ అరకిలో కూడా పెరగలేదు. సాయంత్రమయ్యేసరికి పొట్ట పట్టుకుని ముడుచుకుపోయేది. అప్పుడు సూర్యకుమారి, తన తల్లి తనకి చేసినట్టే, చిటికెడు ఇంగువ మజ్జిగలో కలిపి తాగించేది. పిల్లల కడుపునొప్పికి ఆ మందు తెలియని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. నొప్పి ఎక్కువైన రోజున చిటికెడు కాస్తా రెండు చిటికెలయ్యేది.

ఈసారి ఆస్పత్రికి వచ్చేటప్పుడు వంటింట్లో వాడే డబ్బాలూ ప్యాకెట్లూ అన్నీ తెమ్మన్నారు డాక్టరుగారు. సంచీ నిండా పట్టుకెళ్లింది. ఝాన్సీ అనే నర్సు ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ ఇంగువ డబ్బా దగ్గర ఆగింది.

"ఇది రోజూ వాడతారాండీ?"

"ఆయ్. పాపకి నెప్పొస్తే మజ్జిగలో ఇస్తానండి."

"ఇందులో గోధుమపిండి కలుపుతారండీ. ఇదిగో, చిన్నక్షరాలతో రాసేరు చూడండి."

"ఇంగువలో గోధుమేంటండీ!" అంది సూర్యకుమారి. ఆ అక్షరాలు ఆమెకి కనిపిస్తూనే ఉన్నాయి.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఊరందరి చేతుల మీదా కాపు కాస్తూ కూర్చుంది గానీ, రోజూ గ్లాసు పట్టుకెళ్లిన చెయ్యి తనదే. "ఆర్నెల్లు పోయినట్టేనమ్మా. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి" అన్నారు డాక్టరుగారు. ఆయన నాలుగు తిట్టినా బాగుండుననిపించింది. పక్కన బల్ల మీద కూర్చుని దుర్గాశ్రీ అంతా విన్నది.

మర్నాడు ఇంగువతో పాటు కారం, పసుపు, కొన్న పచ్చళ్లు అన్నీ పారబోసింది సూర్యకుమారి. గిన్నెలు చింతపండేసి మూడుసార్లు తోమి, ఉత్త అన్నం వండింది. పెరుగూ ఉప్పూ కలిపి ముద్ద పిల్ల నోటి దగ్గర పెట్టింది.

దుర్గాశ్రీ నోరు తెరవలేదు.

"ఇందులో ఏం లేదు కదమ్మా?"

లేదే తల్లీ, తిను అనబోయింది. ఆరు నెలలూ అదే మాట చెప్పి తినిపించింది. కొట్లో ఈ బియ్యం కొలిచిన డబ్బాతోనే గోధుమపిండి కూడా కొలుస్తారేమో! ఉప్పులో ఏం కలుపుతారో ఎవడికి తెలుసు?

"ఏమోనే. నాకు తెలీదు" అంది.

పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.