అడుగున తెల్ల గీత

తడిగుడ్డ పట్టుకున్న వేళ్ళు కొంకర్లు పోతున్నా సొలెన్ ఆపలేదు. పొద్దుట్నించీ నేలమాళిగలో చతికిలబడి షాంపేన్ సీసాల అడుగునున్న తెల్ల సున్నపు గీతలు తుడుస్తోంది. ఒక్కొక్కటీ తను కుంచెతో గీసినదే. సీసాలు కొనే కంపెనీ లారీ వాకిట్లో కాచుకుని ఉంది. చీకటి పడేలోపు సీసాలన్నీ ఎక్కాలి.

షాంపేన్ అంటే లోకానికి నురగే తెలుసు. వైన్‌లో కాస్త ఈస్టూ చక్కెరా కలిపి సీసాలో బిగిస్తే లోపలే మళ్ళీ పులిసి ఆ నురగ పుడుతుంది. ఏళ్ళ తరబడి పడుకోబెట్టాలి. చివర్లో మడ్డి మూతి దగ్గరికి జారేలా రోజూ చేత్తో కొద్దికొద్దిగా తిప్పాలి. ఎంత తిప్పారో అడుగునున్న గీతే చెబుతుంది.

వీళ్ళ ద్రాక్షతోటలో పురుగుమందులు కొట్టరు. దురదగొండి ఆకు కాచి చల్లుతారు. ఆ కంపుకి ఊరు ముక్కు మూసుకునేది, మీది తోటా, గడ్డిబీడా అని వెక్కిరించేది. ఇప్పుడు మందుల్లేని పంటకి పారిస్‌లో గిరాకీ వచ్చింది కాబట్టి కంపెనీకి ఆ గడ్డిబీడు సీసాలే కావాలి. ఇక్కడ సీసా పన్నెండు యూరోలకి కొని, బంగారు రంగు కాగితం మీద తమ పేరేసి యాభైకి అమ్ముతారు.

అమ్మనంటే కుదరదు. చుట్టుపక్కల ఉన్న ఒక్క గానుగా కంపెనీదే. కోసిన పళ్ళు ఆ పూటే పిండకపోతే పాడైపోతాయి. సీసాలివ్వని వాళ్ళకి కోతల రోజుల్లో గానుగ దొరకదు. ఎవరూ బెదిరించరు. ఖాళీ లేదంటారు, అంతే.

భర్త ఇవోన్ పోయాక ఇంట్లో మిగిలింది తనూ, మామగారు ఆన్సెల్మూ. ముసలాయన కూడా బతుకంతా సీసాలిచ్చినవాడే. ఓసారి మేనకోడలి పెళ్ళిలో బంగారు కాగితం సీసాలోంచి గుక్కెడు తాగి, "ఇది మన తోటదేనమ్మాయ్" అని సొలెన్ చెవిలో అన్నాడు. పెళ్ళికొడుకు తండ్రి అడిగితే మాత్రం, "కంపెనీవాళ్ళ సరుకు, వంక పెట్టడానికేముంది" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే సొలెన్‌కి ఇప్పటికీ కడుపు మండుతుంది.

కంపెనీ మనిషి లెకూర్బ్ మెట్లు దిగి వచ్చాడు.

"ఇంకా ఎంతసేపు మదాం? ఎల్లుండి మా దగ్గరికి ఫొటోలవాళ్ళొస్తున్నారు. గీతలుంటే ఇవెవరివని అడుగుతారు."

"చేతులు రెండేనండీ నాకు."

అతను నవ్వి, మూల నిలబడి సీసాలు అందిస్తున్న ఆన్సెల్మ్ వైపు తిరిగాడు. "పెద్దాయనా, మీరూ రావాలి. సీసాలు తిప్పుతూ నుంచుంటే చాలు. మా కంపెనీ పాతకాపు అని రాస్తాం. ఆ చేతులు ఫొటోలో బాగా పడతాయి."

సొలెన్ తలెత్తింది. మామగారు కస్సుమంటాడేమో అనుకుంది.

ముసలాయన వంకర తిరిగిన మణికట్టు నిమురుకున్నాడు. "నీలం కోటు వేసుకోనా? ఇదైతే మాసిపోయింది" అని, మేకుకున్న కోటు తీసి అక్కడే బొత్తాలు పెట్టుకోసాగాడు. వేళ్ళు వంగక ఒక బొత్తం పట్టుబడలేదు.

సొలెన్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"తుడవనండి" అంది.

"అంటే?"

"గీతలతోనే తీసుకెళ్ళండి. వద్దంటే వదిలేసి పొండి. ఆయన కూడా ఎక్కడికీ రారు."

లెకూర్బ్ కోప్పడలేదు. "మీ ఇష్టం మదాం. ఈసారి కోతలకి గానుగ దగ్గర రద్దీ ఎక్కువుండేలా ఉంది" అని మెట్లెక్కాడు. కాసేపటికి లారీ కదిలిన చప్పుడు వినబడింది. ఖాళీ లారీ గతుకుల్లో దడదడలాడుతూ పోయింది.

"ఎంత పని చేశావమ్మాయ్. తుడిచేస్తే పోయేదిగా" అన్నాడు ఆన్సెల్మ్. "పళ్ళు కోసుకుని ఎక్కడికి పోతావిప్పుడు?"

"తెలీదు మావయ్యా."

నిజంగానే తెలీదు. సున్నం గిన్నె దగ్గరికి లాక్కుని, తుడిచిన సీసాల్లో మొదటిదాని అడుగున మళ్ళీ గీత గీసింది. అది కాస్త వంకర పోయింది. నీలం కోటు సగం బొత్తాలతో ముసలాయన అక్కడే నిలబడ్డాడు, విప్పనూ లేదు, మిగతావి పెట్టుకోనూ లేదు. సొలెన్ రెండో సీసా అందుకుంది.