ఒక వాషర్ మిగిలింది

డాన్ ఎవరిస్టో రెండు బ్యాటరీ సెల్లులను పరీక్ష పెట్టెకు తగిలించి, ఒక్కోదాని మీద ఒక్కో చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి కూర్చున్నాడు. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసే తీరది. ఎడమ చేతి కిందది పాత రకం, ఆకుపచ్చ తొడుగు, దాని మీద ఇరవై ఆంపియర్లని నిరాడంబరంగా రాసి ఉంది. కుడి చేతి కిందది నిన్ననే దిగిన సరుకు. బంగారు రంగు తొడుగు, మంటల బొమ్మ, నలభై ఆంపియర్లని పెద్ద ముద్ర. రెండింటినీ పదిహేను ఆంపియర్ల దగ్గర నిలబెట్టాడు. ఆకుపచ్చది గోరువెచ్చగా కూడా అవలేదు. బంగారుది చెయ్యి పెట్టనివ్వలేదు.

"ఏమంటోంది డాన్?" అని గల్లాపెట్టె దగ్గర్నుంచి అడిగింది కొట్టు యజమానురాలు న్యా ఒబ్దూలియా.

"నలభై అంటోంది. కోస్తోంది. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి ఇస్తే ఇస్తుందేమో. ఆగకుండా ఇవ్వమంటే పన్నెండు, మహా అయితే పదమూడు."

"బజారంతా నలభై అనే అమ్ముతున్నారు. మనకేనా పట్టింది ఈ సత్యసంధత?"

"అమ్ముకోండి, నేనొద్దన్నానా? లోపల చిప్పున్న చిన్న వేప్ పెట్టెలకి ఇవ్వండి. అవి అట్టే కరెంటు లాగవు, సెల్లు నీరసపడితే వాటంతటవే ఆగిపోతాయి. చిప్పు లేని గొట్టంతో పీల్చే ట్యూబుల వాళ్ళకి మాత్రం ఇవ్వకండి. దీనికి నా చుక్క పెట్టను."

న్యా ఒబ్దూలియా మూతి తిప్పుకుని తెరెరే ఆకు చన్నీళ్ళలో కలుపుకోవడంలో పడింది. ఆయన పెట్టనన్నాక పెట్టడని ఆమెకు తెలుసు.

ఆ చుక్క సంగతి ఆ సరిహద్దు ఊరు సియుదాద్ దెల్ ఎస్తేలో వేప్, అదే కరెంటు సిగరెట్టు, పీల్చే ప్రతివాడికీ తెలుసు. వంతెన దాటి బ్రెజిల్ నుంచి సంచులు పట్టుకుని వచ్చేవాళ్ళు కూడా మూడో అంతస్తు ఎక్కి, చుక్కున్న సెల్లులివ్వమని అడుగుతారు. ముదురు ఎరుపు గోళ్ళరంగు చుక్క. ఆ సీసా ఆయన భార్య తెయోదొలీనాది. ఆమె ప్రతి ఆదివారం గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని గోళ్ళకి వేసుకునేది. ఆమె పోయాక సీసా పారేయడానికి మనసొప్పలేదు. ఊరికే దాచుకోవడమూ చేతకాలేదు. కొట్టుకి తెచ్చుకుని, తన పరీక్షలో నెగ్గిన సెల్లు అడుగున చుక్క పెట్టడం మొదలుపెట్టాడు. అరలో ఆ రంగు చూసుకుంటే ఆయన ప్రాణానికి హాయిగా ఉండేది. గడ్డకట్టినప్పుడల్లా రెండు బొట్లు రంగు కరిగించే మందు పోసి పల్చన చేస్తూ ఇన్నాళ్ళూ లాక్కొచ్చాడు.

అంతకుముందు రేడియోలు బాగుచేశాడు. రేడియోలు పోతే లాప్‌టాప్ బ్యాటరీలు విప్పాడు. వాటి లోపల్నించి ఊడిపడిన ఈ బొటనవేలంత సెల్లులతోనే మిగతా బతుకంతా గడిచింది. దేన్లో నిలవెక్కువో, ఏది వడిగా ఇస్తుందో చేత్తో పట్టుకుని చెప్పేవాడు. ఎక్కువ నిలవుండేది నెమ్మదిగా ఇస్తుంది, వడిగా ఇచ్చేది తొందరగా అయిపోతుంది. రెండూ ఒకదాంట్లోనే ఉన్నాయని ముద్రేసినవాడు దొంగ అని ఆయన ఖాయంగా అనేవాడు.

బంగారు సెల్లులను పక్కకి నెట్టి, బల్ల మీది రబ్బరు పట్టా దులపబోతుంటే కనిపించింది. తెల్లటి కాగితపు వాషర్. చొక్కా గుండీ అంత, మధ్యలో చిల్లు.

డాన్ ఎవరిస్టో చెయ్యి ఆగిపోయింది.

చిరిగిన తొడుగు ఒలిచి కొత్తది వేసేటప్పుడు, సెల్లు నెత్తిన బొడిపె చుట్టూ ఆ వాషర్ పెట్టి, దాని మీద తొడుగెక్కించి, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి బిగించాలి. బొడిపె ప్లస్సు, దాని చుట్టూ ఉన్న అంచు మైనస్సు. రెంటికీ మధ్య అడ్డు ఆ కాగితమే. ట్యూబంటే ఉత్త ఇత్తడి గొట్టం, చిప్పూ లేదు, కాపలా లేదు. కాగితం లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు ప్లస్సూ మైనస్సూ కలిసి సెల్లు పేలుతుంది. అప్పుడా గొట్టం ఉండేది పీల్చేవాళ్ళ పెదాల మధ్య.

"న్యా ఒబ్దూలియా, నిన్న తొడుగులు మార్చింది దామియానా సెల్లులకే కదూ?"

"ఆమెవే. ఏం?"

"వాషర్ ఒకటి మిగిలింది."

"ఎక్కువ కత్తిరించి ఉంటారు."

"నేనెప్పుడూ ఎక్కువ కత్తిరించను."

దామియానా వంతెన మొదట్లో గంపలో చిపా రొట్టెలు అమ్ముతుంది. సిగరెట్లు మానడానికి ట్యూబు పట్టింది. వానలో తడిసినా చెడేందుకు అందులో చిప్పు లేదని దానికే అతుక్కుపోయింది. ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తలేదు. ఆవిడ ఫోన్ గంపలో రొట్టెల కింద ఉంటుంది, ఆ రొదలో ఆవిడకేం వినబడుతుంది?

ఆయన వాషర్‌ని అగ్గిపెట్టెలో వేసి జేబులో పెట్టుకున్నాడు. చిన్న పంకా మెళ్ళో తగిలించుకుని లేచాడు.

"ఈ ఎండలోనా? మీ గుండె చూసిన ఆ నర్సమ్మ ఏం చెప్పింది మీకు? మెట్లొద్దంది, ఎండొద్దంది. సాయంత్రం దామియానాయే ఇటు వస్తుంది కదా."

"సాయంత్రం దాకా పీల్చకుండా ఉంటుందా? దాని మూతి కాలితే నా చుక్క చూపిస్తారు. నేనే ఇచ్చాను, నేనే తెచ్చుకుంటా."

లిఫ్టు ఎప్పుడో పోయింది. కమ్మీ పట్టుకుని మెట్లు దిగాడు. బయట ఎండ పెళపెళలాడుతోంది. సాక్సుల వాళ్ళు, దుప్పట్ల వాళ్ళు, నెత్తిన పెట్టెలతో పరుగెత్తే కూలీలు, వాళ్ళ మధ్య నుంచి భుజం ముందుకి పెట్టి దారి చేసుకున్నాడు. మెళ్ళో పంకా గుయ్యిమంటూ గడ్డం కింద తిరుగుతోంది. ఎడమ చెయ్యి లాగుతుంటే ఒకచోట స్తంభానికి ఆనుకున్నాడు. భయం వేసింది ఆయనకి. తన గురించి కాదు. నవ్వినప్పుడు దామియానా కుడి బుగ్గ మీద సొట్ట పడుతుంది, అది గుర్తొచ్చింది.

దామియానా గొడుగు కింద కూర్చుని ఉంది. ట్యూబు పెదాల దగ్గరికి తెచ్చింది.

"దామియానా, నొక్కకు. కింద పెట్టు."

ఆ గొంతులో ఏముందో, ఆమె మారుమాట లేకుండా గంప మీది గుడ్డ మీద పెట్టేసింది. ఆయన మర విప్పి సెల్లు తీసి, కళ్ళజోడు నుదుటికి నెట్టి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. బొడిపె చుట్టూ సన్నటి తెల్లటి అంచు కనిపించింది. రెండోదివ్వమన్నాడు. ఆమె జాకెట్టులోంచి ప్లాస్టిక్ డబ్బీ తీసిచ్చింది. అందులోదానికీ తెల్లటి అంచు ఉంది.

"ఉంది. రెండిటికీ ఉంది," అని బోర్లించిన పెట్టె మీద కూలబడ్డాడు.

"ఏముంది డాన్? చమటలు కారిపోతున్నాయి. ముందు ఇది తినండి." వేడి చిపా చేతిలో పెట్టింది. ఆయన సంగతి చెప్పాడు. ఆమె గొడుగు ఆయన వైపు వంచింది.

"నా మూతి కోసం ఇంత దూరం వచ్చారా? మా ఆయన కూడా ఎప్పుడూ నడవలేదు నా మూతి కోసం."

"నీ మూతి కోసం ఏమిటి, నా పేరు కోసం."

"సరే, మీ పేరు కోసమే. మరైతే ఆ మెళ్ళో గుయ్యిమంటోందే, అది దేంతో తిరుగుతోంది? దేవుడి దయతోనా?"

డాన్ ఎవరిస్టో నమలడం ఆపాడు. నిన్న సాయంత్రం కొట్టు మూసే వేళ, షట్టర్లు దిగుతున్న చప్పుళ్ళ మధ్య, తన పంకా సెల్లు చిరిగిన తొడుగు కూడా ఒలిచి మార్చాడు. పంకా ఆపి సెల్లు తీశాడు. బొడిపె చుట్టూ తెలుపు లేదు. తిప్పి చూస్తే అడుగున ఎర్రటి చుక్క నిగనిగలాడుతోంది.

ఆయన నవ్వాడు. భుజాలు కదిలేలా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. "చుక్క కూడా పెట్టుకున్నాను చూడు, వెధవని."

"గడ్డం కింద బాంబు కట్టుకుని నన్ను కాపాడటానికొచ్చారు," అంది దామియానా. ఆమె కూడా నవ్వింది, బుగ్గన సొట్ట పడింది. ఆయన ఆ సొట్టని తనివితీరా చూశాడు. ఏ ముఖానికీ తన వల్ల చెరుపు జరగలేదు. దాంతో ఆయనకి మళ్ళీ ఎక్కడలేని ధీమా వచ్చింది.

"మోటో బండి పిలవనా?"

"మోటో మెట్లెక్కుతుందా ఏమిటి?"

సెల్లుని అగ్గిపెట్టెలో వాషర్ పక్కన పడుకోబెట్టి జేబులో వేసుకున్నాడు. తిరుగుదారిలో గాలి లేదు. ఆగిపోయిన పంకా గుండెల మీద ఊగుతూ వచ్చింది.

మూడో అంతస్తు చేరేసరికి ముఖం పాలిపోయి ఉంది, కానీ పెదాల మీద నవ్వుంది. "నాదేనండీ, నా పంకాదే," అని న్యా ఒబ్దూలియాతో చెప్పి, ఆమె అందించిన చల్లటి తెరెరే రెండు గుక్కలు పీల్చి బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆమెకి చిర్రెత్తింది. తిట్టడానికి నోరు తెరిచేలోపు బ్రెజిల్ వాళ్ళు ఇద్దరు వచ్చి, ట్యూబులకి బలమైన సెల్లు కావాలన్నారు. ఆమె చెయ్యి బంగారు తొడుగుల వైపు వెళ్ళి, ఆగి, ఆకుపచ్చవి తీసింది.

వాళ్ళు వెళ్ళాక, డ్రయ్యర్ చప్పుడు ఇంకా వినబడలేదేమని తల తిప్పింది.

"డాన్, డ్రయ్యర్ పని చెయ్యట్లేదా?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఒక చెయ్యి తిరగేసి బల్ల మీద ఆనించి ఉంది, ఏదో వేడి చూస్తున్నట్టే. ఆమె దగ్గరికి వెళ్ళి ఆ చేతి మీద చెయ్యి వేసింది. చాలాసేపు తియ్యలేదు.

ఆ సాయంత్రం దామియానా గంపతో సహా మూడంతస్తులూ ఎక్కి వచ్చింది. ఇద్దరూ ఖాళీ అయిన ఆ కుర్చీకి చెరోవైపు నిలబడి ఏడ్చారు. అప్పటిదాకా న్యా ఒబ్దూలియా బల్ల ముట్టుకోలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. గోళ్ళరంగు సీసా మూత తీసే ఉంది. పక్కన కొత్త తొడుగు సిద్ధంగా కత్తిరించి ఉంది. రబ్బరు పట్టా మధ్యలో ఆ పంకా సెల్లు నిలబడి ఉంది, తొడుగు లేకుండా, చుక్క లేకుండా, నెత్తిన తెల్లటి వాషర్ సరిగ్గా కూర్చుని.