ఊరూ పేరూ లేని లెన్సు

మా ఆయన దృష్టిలో లోకంలోని వస్తువులు రెండే రకాలు. కంపెనీవి, కంపెనీవి కానివి. ఫోటో స్టూడియో పెట్టిన నాటి నుంచి కెమెరా ఏ కంపెనీదో లెన్సూ ఆ కంపెనీదే వాడారు. ఆఖరికి కెమెరా సంచి పట్టీ తెగితే, దానికీ కంపెనీ పట్టీయే కావాలని నెలల తరబడి సంచిని చంకలో పెట్టుకుని తిరిగిన మనిషి. అలాంటాయనకు పోయిన పెళ్ళిరోజున నేను లెన్సు కొనిచ్చాను. దగ్గరికి జరిగి తీస్తే చీమ మీసాలు కూడా కనిపిస్తాయని షాపులో చెప్పారు. అలాంటిదే కంపెనీ లెన్సు కొనాలంటే మా తాహతు చాలదు, ఇది వేరేవాళ్ళు చేసింది, అందుబాటు ధరలో ఉంది. మురిసిపోతారనుకున్నాను. డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "ఊరూ పేరూ లేని లెన్సు" అన్నారు. ఆ తర్వాత అది స్టూడియో బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పనికొచ్చింది. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ బల్ల పక్కగా వెళ్ళినప్పుడల్లా ఓ ఎత్తిపొడుపు మాట అంటేగాని అడుగు ముందుకు పడేది కాదు.

ఆ గొడవ అలా నడుస్తుండగానే మా చెల్లికి నెలలు నిండకుండా కాన్పయింది.

రక్తపోటు పెరిగి, ఫిట్స్ వచ్చి, హడావుడిగా ఆపరేషన్ చేశారు. దానికి తెలివొచ్చేసరికే పాపను పిల్లల ఆసుపత్రికి తరలించి, నెలలు నిండని పిల్లలను వెచ్చగా ఉంచే అద్దాల బాక్సులో పెట్టారు. చెల్లిని మంచం దిగనివ్వరు, పాపను బాక్సు దాటనివ్వరు. ఆ రెండు ఆసుపత్రుల మధ్య చెల్లి భర్త, మా మరిది, కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు. అసలు చిక్కు అది కాదు. పాప బతికుందంటే చెల్లి నమ్మడం లేదు.

"నాకు ఏడుపు వినపడలేదక్కా. పోయింది. మీరంతా కలిసి నన్ను మభ్యపెడుతున్నారు" అంది.

మరిది ఫోన్లో తీసిన ఫోటోలు చూపించాడు. వీడియో కాల్ కూడా చేశాడు. బాక్సు మీద లైట్ల మెరుపు, గొట్టాలు, ఒక టోపీ. "ఆ వార్డులో ఏ పాపైనా ఇలాగే ఉంటుంది" అని మొహం తిప్పుకుంది. మంచం పక్కన పాలు తీసే పంపు పెట్టుకుని నర్సు బతిమాలుతోంది. పాపకు ఇప్పుడు తల్లిపాలను మించిన మందు లేదు, ఇంకా ఆలస్యమైతే పాలు ఇంకిపోతాయి అని ఎంతగానో చెప్పింది.

"ఎవరి కోసం తీయాలి?" అని చెల్లి పంపును పక్కకు నెట్టేసింది.

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్న మా ఆయన నన్ను బయటికి పిలిచి, "నేను తీస్తాను ఫోటో. మరదలు కాదనలేని ఫోటో తీస్తాను" అన్నారు.

"మరి ఆ దగ్గర్నుంచి తీసే లెన్సు ఉందిగా, నేనిచ్చింది…"

"మన ఇంటి బిడ్డని ఊరూ పేరూ లేని దానితో తీయమంటావా?"

మామూలుగా అయితే ఊరుకునేదాన్ని కాదు. కానీ ఉన్న మాట చెప్పాలంటే, నాకూ లోలోపల అదే అనిపించింది. కంపెనీ లెన్సు అద్దెకు తెచ్చారు.

పిల్లల డాక్టరు ఫ్లాష్ వాడొద్దని, బాక్సును తాకొద్దని చెప్పి ఒప్పుకున్నారు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, గౌన్లు తొడుక్కుని లోపలికి వెళ్ళాం. నేను ఉతికిన నల్లగుడ్డ చాపి పట్టుకుని, బాక్సు మీద లైట్ల మెరుపు పడకుండా అడ్డం నిలబడ్డాను. స్టూడియోలో గాజు సామాను తీసేటప్పుడు నాకు అలవాటైన పనే. పెద్ద నర్సు బాక్సులోకి చేయి పెట్టి పాప టోపీని కాస్త పైకి జరిపింది. లెన్సులోని మోటారు జుయ్ జుయ్‌మంటూ ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ వెతుక్కుని, ఒకసారి బాక్సు గోడ మీది గీతను, ఇంకోసారి ఆవిరి చుక్కను పట్టుకుంది. వెనక పాప మసకగా మిగిలింది. తీయగా తీయగా ఒకటి ఫరవాలేదనిపించింది.

దాన్ని మా ఆయన కంప్యూటర్లో పెట్టి తీరిగ్గా బాగుచేశారు. పెళ్ళికూతుళ్ళను మెరిపించే చెయ్యి కదా, దాని పని అది చేసుకుపోయింది. ముడతలు సర్దారు, ఎరుపు తగ్గించారు, ప్లాస్టరు మరకలు తుడిచేశారు. పెద్ద ప్రింటు వేసి తెస్తే, చూసిన నర్సులంతా ఎంత ముద్దుగా ఉందో అన్నారు.

చెల్లి దాన్ని పట్టుకుని కాసేపు చూసింది. "బావా, మీ స్టూడియో గోడకున్న పాపను తీసుకొచ్చారా?" అంది. అరవలేదు, ఏడవలేదు. దుప్పటి మొహం మీదికి లాక్కుని అటు తిరిగి పడుకుంది.

మా ఆయన ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డారు. అద్దె లెన్సు మర్నాడు ఎవరిదో పెళ్ళికి వెళ్ళాలి, తిరిగి ఇచ్చేయక తప్పలేదు. పొద్దున్నే స్టూడియోకి వెళ్ళాం. ఆయన బల్ల మీది కాగితాల పైనుంచి నా లెన్సు తీసి, తన చొక్కా అంచుతో తుడిచారు. నేను ఒక్క మాట అనలేదు. అనకుండా ఉండటం ఎంత కష్టమో నన్నెరిగిన వాళ్ళకే తెలుసు.

ఈ లెన్సుకు మోటారు లేదు. ముందున్న రింగును చేత్తో తిప్పుకోవాలి. పిల్లల ఆసుపత్రికి తిరిగి వెళ్ళి, కెమెరాను స్టాండు మీద బిగించి, బాక్సు దగ్గరగా జరిపి, ఆయన ఒంగుని రింగు మీద వేళ్ళు పెట్టారు. కొంచెం తిప్పుతారు, ఆగుతారు, మళ్ళీ వెంట్రుకవాసి తిప్పుతారు. బాక్సు గోడ కరిగిపోయిందట, గొట్టం దాటిందట, చెంప దగ్గరికి వచ్చిందట. ఒక్కొక్కటే నాతో గొణుగుతున్నారు. ఉన్నట్టుండి ఆ గొణుగుడు ఆగిపోయింది.

"ఏమండీ, నొక్కరేం?" అన్నాను.

"నువ్వు చూడు" అని పక్కకు జరిగారు.

నల్లగుడ్డ నర్సు చేతికిచ్చి చూశాను. ఏం చెప్పను! ఆ చెంప నిండా నూగు. ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా, అన్నీ ఒకే వైపు వాలి, ఎవరో కూర్చుని దువ్వినట్టుంది. కనుబొమలు ఇంకా రాలేదు, అవి రావలసిన చోటు మాత్రం తెలుస్తోంది. చెవి ఎంత పల్చనంటే, అవతలి వెలుగు అందులోంచి ఎర్రగా దిగుతోంది. దానిలో రక్తపు దారులు కూడా కనిపిస్తున్నాయి. కెమెరాను కాస్త కిందికి వంచితే అరచెయ్యి. వేలి చివర నూకగింజంత గోరు. ఇంకా ఏ పనీ ఎరగని ఆ అరచేతిలో గీతలన్నీ అప్పుడే సిద్ధంగా ఉన్నాయి. ఇంత పని ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, మా చెల్లి అన్నం తింటూ, నిద్రపోతూ, నాతో ఫోన్లో పోట్లాడుతూ ఉండగానే దాని కడుపులో ఇదంతా ఎలా జరిగింది? దణ్ణం పెట్టాలనిపించింది. ఎవరికో తెలియలేదు.

ఆయన మళ్ళీ చెవి దగ్గరికి తెచ్చి ఫోటోలు తీశారు. వెనక తెర మీద పెద్దది చేసి చూపించారు. అక్కడ, చెవి చెంపకు అతుక్కునే చోట, సూదిమొనతో గుచ్చినంత చిన్న గుంట.

నా చెయ్యి దానంతటదే నా ఎడమ చెవి దగ్గరికి వెళ్ళింది. మా అమ్మకుంది, నాకుంది, చెల్లికుంది. పుట్టుకతో వచ్చిందే. మాకు తలంటేటప్పుడు అమ్మ అక్కడ వేలు పెట్టి, దేవుడు చెవి కుట్టబోయి చోటు తప్పాడే అని నవ్వేది.

"ఏమండీ, ఇది మొన్నటి ఫోటోలో లేదే?"

"మసక ఫోటో కదా… దుమ్ము మచ్చనుకుని తుడిచేశాను."

జుట్టు వెనక్కి లాగి నా చెవి చూపించాను. "ఇన్నేళ్ళ కాపురంలో నా చెవి చూసిన పాపాన పోలేదన్నమాట!"

ఆయన నా చెవి చూశారు, తెర చూశారు, మళ్ళీ బాక్సులోకి చూశారు. నవ్వబోయి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. పెద్ద నర్సు నోటి మీద వేలు పెట్టుకుని మమ్మల్ని గద్దించింది.

కంపెనీ లెన్సుకూ రింగు ఉంటుందట. మోటారు ఆపి చేత్తో తిప్పి ఉంటే అదీ ఇంత బాగానే చూపించేదట. ఆ సంగతి ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ ఆయనే ఒప్పుకున్నారు. "అది వెతుకుతుంటే నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. పాపను చూడనేలేదు" అన్నారు. ఆ సాయంత్రం ప్రింటు వేసేటప్పుడు ఆయన మౌసు ముట్టుకోలేదు. ప్లాస్టరు మరకలు, ముడతలు, ఎరుపు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి.

చెల్లి దగ్గరికి వెళ్ళాక ఏమీ చెప్పొద్దని మరిదికి కూడా సైగ చేశాను. ప్రింటును దాని ఒళ్ళో పెట్టి పక్కన కూర్చున్నాను. ముందు వద్దంది. తర్వాత ఓరగా చూసింది. నూగు మీద, గొట్టం మీద, ప్లాస్టరు మీద దాని చూపు మెల్లగా నడుస్తోంది. చెవి దగ్గరికి వచ్చి ఆగిపోయింది. సూది గుచ్చి ఉన్న చెయ్యి పైకి లేచి, జుట్టు తప్పించుకుని, ఎడమ చెవి ముందు తడుముకుంది.

"అక్కా…" అంది. మళ్ళీ అంది. "అక్కా, దీనికి ఆకలేస్తోందేమో!"

నర్సు పరుగున పంపు తెచ్చింది. మగవాళ్ళను బయటికి పంపి తెర లాగాను. చెల్లి ఫోటోను ఎదురుగా దిండుకు ఆనించమంది. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. అయినా అది పంపు వదల్లేదు. చివరికి ఒక చుక్క వచ్చింది, పసుప్పచ్చగా, చిక్కగా. తర్వాత ఇంకొకటి. చెల్లి, నర్సు, నేను కళ్ళప్పగించి ఆ గొట్టాన్నే చూస్తున్నాం.

సీసా అడుగు కూడా పూర్తిగా తడవలేదు. "ఇది చాలుతుందా?" అని చెల్లి భయంగా అడిగింది. పాపకు ఈ పూటకు ఇదే కడుపు నిండా అని నర్సు చెప్పింది. సీసా తెచ్చి మరిది చేతికిచ్చాను. వాడు దాన్ని రెండు చేతులా అందుకుని, లిఫ్టు కోసం ఆగకుండా, ఎదురొచ్చేవాళ్ళను "జరగండి, జరగండి" అంటూ మెట్ల వైపు నడిచాడు.