అడుగు కనపడే నీళ్ళు

మా అత్తయ్య లీలావతి మోకాళ్ళకు నీళ్ళలో నడవడం మంచిదని డాక్టరు చెప్పాడు. అందుకని నరసరావుపేటలో కొత్తగా కట్టుకున్న ఇంటి పెరట్లో మా ఆయన రాఘవ చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించాడు. పదహారడుగుల పొడవు, నాలుగడుగుల లోతు. నింపి మూడు వారాలైనా అత్తయ్య కాలు తడపలేదు.

"అడుగు కనపడని నీళ్ళలో నేను దిగనమ్మా," అనేది.

ఆవిడను తప్పుపట్టలేను. నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. మా బోరు నీళ్ళు అసలే గిన్నెలకు పెచ్చు కట్టే రకం. దానికి తోడు కొత్త సిమెంటు. అందుకే నీళ్ళలో క్షారం ఎక్కువైంది. పూల్ కట్టినవాళ్ళు ఇచ్చిన గాజు గొట్టంలో నీళ్ళు పట్టి ఎర్రమందు చుక్కలు వేస్తే ముదురు గులాబీ రంగు వచ్చేది. నారింజ ఎరుపు రావాలి.

ఆ గొట్టం పట్టుకున్నప్పుడల్లా నాకు డిగ్రీ కాలేజీ ల్యాబ్ గుర్తొచ్చేది. కిటికీ పక్క బల్ల, యాసిడ్‌కు చిల్లులు పడిన నా లంగా ఓణీ, భుజం మీదుగా తొంగిచూసే వాసంతి మేడమ్. "ఒక్క చుక్క ఎక్కువైనా మళ్ళీ మొదట్నుంచి చేయాల్సిందే" అనేవారు. పెళ్ళయ్యాక అంత శ్రద్ధగా చుక్కలు లెక్కపెట్టే పని మళ్ళీ తగల్లేదు.

రోజూ సాయంత్రం బకెట్ నీళ్ళలో కొలిచి యాసిడ్ కలిపి, మోటారు నడుస్తుండగా పోసేదాన్ని. రాత్రికి రంగు సరిపోయేది. తెల్లారేసరికి మళ్ళీ గులాబీ. కొత్త సిమెంటైనా ఒక్క రాత్రిలో అంత మార్చదు.

"ఆదివారం దాకా చూస్తా. తేటపడకపోతే నీళ్ళు తోడేయించి, గుంట మూసి, పైన బండలు పరిపిస్తా. ఎండాకాలంలో మళ్ళీ నింపడానికి బోరులో నీళ్ళెక్కడివి?" అన్నాడు రాఘవ. అత్తయ్య అది వింది. ఆ పూట అన్నం సగమే తింది.

గురువారం తెల్లవారుజామునే పెరట్లోకి వెళ్ళాను. అత్తయ్య గట్టు మీద వంగి చెంబులోంచి తెల్లటి నీళ్ళు పోస్తోంది.

"ఏందత్తయ్యా అది?"

ఉలిక్కిపడింది. "సున్నమే. మా కారంపూడి చేలో బావికి వేసవి రాగానే మా నాయన తట్టెడు సున్నం వేసేవాడు. మూడోనాటికి అడుగున పడ్డ గాజు ముక్క కూడా అగపడేది. నడుముకి సొరబుర్ర కట్టుకుని దూకేవాళ్ళం, నేనూ మా నాగులక్కా. ఎంత తిట్టినా పైకి వచ్చేవాళ్ళం కాదు." చెంబు కింద పెట్టి అంది: "నువ్వేమో రోజూ యాసిడ్ పోస్తన్నావు. ఒళ్ళు కాలుద్దేమోనని, దానికి ఇరుగుడుగా రోజూ తెల్లారకముందే పోస్తన్నా."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఇద్దరం ఒకే నీళ్ళ కోసం ఒకరి పని ఒకరం చెడగొట్టుకుంటున్నాం.

అప్పుడే గొట్టం తెచ్చి ఆవిడ చేతికిచ్చాను. చుక్కలు ఆవిడే వేసింది. చెంచా యాసిడ్ కలిపిన చెంబెడు నీళ్ళలోంచి గొట్టంలో కాస్త పోసి రంగు మారడం చూపించాను. "ఇంతేనా! పచ్చిపులుసంత ఘాటు కూడా ఉండదే," అంది.

ఆ రోజు నుంచి సున్నం మానేసింది. శుక్రవారం రంగు నిలిచింది. సాయంత్రం పటిక కరిగించి ఆవిడతోనే పోయించి మోటారు కట్టేశాను. తెల్లారి అడుగున చేరిన తెల్లటి మడ్డిని రబ్బరు గొట్టంతో మెల్లగా లాగేశాం. క్లోరిన్ కలిపి రోజంతా ఫిల్టర్ నడిపాం.

ఆదివారం పొద్దున అడుగున నీలం పలకల మధ్య గీతలు కూడా కనిపించాయి. అత్తయ్య పాత నేతచీర గోచీ పోసి కట్టుకుని, కమ్మీ పట్టుకుని మెట్లు దిగింది. నాలుగడుగులు నడిచింది. ఉన్నట్టుండి కమ్మీ వదిలి, చేతులు చాపి, నీళ్ళను తోసుకుంటూ అవతలి గట్టు దాకా ఈదింది.

మామయ్య సుబ్బరామయ్య గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఏమే! నీకు ఈతొచ్చా? పెళ్ళయి యాభై ఏళ్ళయింది, ఒక్కనాడూ చెప్పలేదేం?"

"మీ ఇంట్లో తాగడానికే బిందెలు మోశా. ఈదేదానికి నీళ్ళు ఎక్కడుండయ్ చెప్పేదానికి?" అని మళ్ళీ ఇవతలికి తిరిగింది.

టిఫిన్‌కు పిలిచాను. అత్తయ్య వినపడనట్టే ఈదుతూ ఉంది. రెండోసారి పిలవలేదు.