లేని లైసెన్సుకు ఆర్నెల్ల సస్పెన్షన్

మోతె మల్సూర్ స్టీరింగు పట్టి ఇరవై రెండేళ్లయింది. ట్రాక్టరు, ఆటో, డీసీఎం, ఇప్పుడు సొంతానికి ఒక సెకండ్‌హ్యాండ్ కారు. వడ్ల లోడుతో మిర్యాలగూడ మిల్లులకు ఎన్నిసార్లు పోయొచ్చాడో ఆయనకే తెలియదు. ఊళ్లో సగం మందికి డ్రైవింగు నేర్పిన గురువు కూడా ఆయనే. అన్నీ ఉన్నాయి, లైసెన్సొక్కటే లేదు. ఎవరైనా అడిగితే "ఇంట్ల బీరువాల ఉన్నది" అనేవాడు.

కోదాడలో స్నేహితుడి ఇంటి దావత్‌లో రెండు గ్లాసులు వేసుకుని, పట్టపగలే కారెక్కాడు మహానుభావుడు. చౌరస్తా దాటకముందే పోలీసులు ఆపి మిషన్‌లో ఊదించారు. అది కూసింది. లైసెన్సు చూపించమన్నారు. బీరువా కథ అక్కడ చెల్లలేదు.

కోర్టులో మెజిస్ట్రేటు జరిమానా వేసి, ఆరు నెలలు బండి నడపొద్దని ఆర్డరిచ్చారు. బయటికొచ్చాక మల్సూర్‌కు నవ్వాగలేదు.

"లేని లైసెన్సును సస్పెండ్ జేసిన్రు సార్! నా దగ్గర గుంజుకోనీకి ఏమున్నదని?"

కోర్టు గుమాస్తా కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "లేకపోయినా అంతేనండీ. ఈ ఆరు నెలలూ లైసెన్సుకు అప్లై చేయడానిక్కూడా వీల్లేదు. ఈలోగా బండి నడుపుతూ దొరికారా, జైలుకెళ్తారు."

మల్సూర్ నవ్వు చప్పున ఆరిపోయింది. ఇరవై రోజుల్లో ప్రవళిక పెళ్లి. ఆయన అక్క స్వరూపకు ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లకు మాటలు రాకముందే "అత్తగారింటికి నిన్ను నేనే తోల్కపోత బిడ్డా" అని మాటిచ్చాడు. ఆ తర్వాత ప్రతి ఫంక్షన్‌లోనూ నలుగురి ముందు అదే మాట. పెళ్లి సూర్యాపేటలో, అత్తవారిల్లు మిర్యాలగూడలో. ఆ దారిలో గుంతలన్నీ ఆయనకు చుట్టాలే.

కోర్టు సంగతి ఎవరికీ చెప్పలేదు. పెళ్లి కారును ఎవరాపుతారులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

పెళ్లయింది. అప్పగింతల ఏడుపులూ అయ్యాయి. బంతిపూలు కట్టిన మల్సూర్ కారులో పెళ్లికొడుకు ముఖేష్, ప్రవళిక వెనక కూర్చున్నారు. మల్సూర్ తాళం తిప్పాడు. అద్దంలో ప్రవళిక ముఖం కనిపించింది. దారిలో ఏదైనా అయితే? మాటకన్నా పిల్లే ముఖ్యమనిపించి, ఇంజను ఆపి కిందికి దిగాడు.

స్వరూప కంగారుపడింది. "ఏమైందిరా? పానం బాగలేదా?"

అవునంటే పరువు దక్కేది. మల్సూర్ తల దించుకున్నాడు. "నాకు లైసెన్సు లేదక్కా. ఎన్నడూ లేదు. తాగి దొరికితే కోర్టు ఆర్నెల్లు బండి ముట్టద్దన్నది."

డప్పులు కూడా ఆగిపోయాయి. "పెండ్లి బండిని ఎవడాపుతడు, పోనియ్" అన్నాడొక పెద్దాయన.

"ఎవడాపకున్నా నేను తోలను."

అందరూ పెళ్లికొడుకు వైపు చూశారు. "నాకు బైకు తప్ప రాదు" అన్నాడు ముఖేష్ మెల్లగా.

వెనక తలుపు తీసుకుని ప్రవళిక దిగింది. "నాకు తెల్వదా మామా? నాకు కారు నేర్పినవ్, లైసెన్సు టెస్టుకు తీస్కపోయినవ్. ఆఫీసు గేటు కాడ పోలీసును సూసి గోడెనక దాసుకున్నవ్. ఇగ జరుగు."

పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని ఆ పిల్ల స్టీరింగు ముందు కూర్చుంది. ముఖేష్ వెనక ఒక్కడే బుద్ధిగా కూర్చున్నాడు. పక్క సీట్లో మల్సూర్ దారంతా లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నాడు. రెండుసార్లు "సెకండ్ గేరెయ్" అన్నాడు. మూడోసారి ప్రవళిక చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు. పిల్ల ఎంత బాగా నడుపుతోందో చూస్తుంటే కళ్ల నీళ్లాగలేదు.

మిర్యాలగూడలో ముత్తైదువలు వెనక తలుపు దగ్గర హారతి పళ్లెంతో నిలబడ్డారు. పెళ్లికూతురు డ్రైవరు సీట్లోంచి దిగింది. అత్తగారు నవ్వాపుకోలేక, పళ్లెం పట్టుకుని అటు పరుగెత్తుకొచ్చింది.

లోపలికెళ్లే ముందు ప్రవళిక మామ చెయ్యి పట్టుకుంది. "కారు ఈడనే ఉంటది. నీ దగ్గరుంటే ఊకుంటవా? ఆర్నెల్లయినంక లైసెన్సు తీస్కొని రా. అప్పుడు నువ్వు తోలు, నేను ఎనక కూసుంట."

"అప్పటిదాంక?"

"బస్సు లేదా మామా?"

"క్లచ్ పూరా తొక్కు బిడ్డా" అని మాత్రం అని, మల్సూర్ బస్టాండు వైపు నడిచాడు.