ఎలుగుబంటి మోకాలు

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. చెయ్యి కూడా నెమ్మది. పొయ్యి మీద పాలు పొంగిపోతాయే గాని నా వాక్యం పూర్తి కాదు.

చిట్టి పని కంప్యూటర్లో బొమ్మల్ని నడిపించడం. ఒక మనిషి కదలికలు తీసి బొమ్మ ఒంటికి ఎక్కించాలి. అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టే, భుజాల దగ్గర సరిపోతే చేతుల దగ్గర వేలాడుతుంది.

నిరుడు ఒక సినిమాకు ముసలివాడి నడక కావలసివచ్చి, చిట్టి తన తండ్రిని తీసుకెళ్లింది. ఆయన వడ్రంగి, తాటిచెట్టంత మనిషి. ఒంటికి అతుక్కునే నల్లబట్టలు తొడిగి, కదలిక కెమెరాలకు చిక్కేలా కీలుకీలుకూ గోళీల్లాంటి తెల్లబంతులు అంటించి, నడిపించారు, కూర్చోబెట్టారు, లేపారు. లేచేటప్పుడు ఆయన ఎడమ మోకాలిని అరచేత్తో ఒత్తి, మొండి ఎద్దును అదిలించినట్టు "పద" అనేవాడు. అక్కడా అలాగే అన్నాడు. మూడు నెలలకే పోయాడు.

ఆ కదలికలన్నీ కంపెనీ సొత్తు, ఇంటికి తేవడానికి లేదు. సినిమాలో నాన్న లేవడం చూద్దువుగాని అని చిట్టి తల్లికి మాటిచ్చింది.

ఈలోగా సినిమావాళ్ల మనసు మారింది. ముసలివాడు వద్దు, ఎలుగుబంటి కావాలన్నారు. బానలాంటి పొట్ట, జానెడు చేతులు. తండ్రి కదలికలు ఎక్కించగానే దాని చెయ్యి పొట్టలో దూరి వీపు వెనక తేలింది. చెయ్యి సాగదీస్తే భుజం చిరిగింది. నడుము వంచితే పాదాలు నేలలో కూరుకుపోయాయి. నాలుగు రోజులు చిట్టికి అదే లోకం. ఐదో రోజు పైఅధికారి వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. మంచివాడే.

"చెయ్యి పక్కకి వదిలెయ్యమ్మా. సాయంత్రానికి పంపాలి."

"మోకాలు పట్టుకోకుండా లేవలేడు సార్."

"ఎలుగుబంటికి మోకాళ్ల నొప్పేంటమ్మా?"

చిట్టి మళ్లీ తెరవైపు తిరిగింది. చెయ్యి పక్కకు వదిలేసి పంపేసింది.

సినిమా ఫోన్లోకి వచ్చిన రోజు తల్లీకూతుళ్లు మంచం మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఎలుగుబంటి నడిచింది. ఎడమకాలు ఈడ్చడం చూసి తల్లి కళ్లద్దాలు సర్దుకుని, ఆయనే అంది. అది మొద్దు మీద కూర్చుంది, లేచింది. చెయ్యి గాల్లో ఊరికే ఊగింది.

"మోకాలు పట్టుకోలేదేమే?"

"అందలేదమ్మా."



"ఇంకోసారి పెట్టు. ఈసారి అందుతుందేమో."

చిట్టి మళ్లీ పెట్టింది.

రాసింది చిట్టి వాళ్లమ్మ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు ఉండేది చిట్టి దగ్గరే, లిఫ్టు లేని మూడో అంతస్తులో.