కదలని ముల్లు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, గట్టిగా చెప్పే మాట కాదిది.

నా మనవరాలికి పదహారేళ్లకే కాన్పయింది. స్కూలు బట్టలు మళ్లీ పట్టాలని నెల రోజులు కడుపు మాడ్చుకుంది. "తిన్నానమ్మమ్మా" అని ఖాళీ కంచం చూపేది. అన్నమంతా కిటికీ అవతల కాకులకు.

ఆసుపత్రిలో నర్సమ్మ ముల్లు తూకం మిషను మీద ముందు తల్లీబిడ్డల్ని కలిపి తూచేది, తర్వాత బిడ్డ బరువెంతో తేలడానికి తల్లిని విడిగా. నెల తిరిగాక వెళ్లిన రోజు కలిపి తూస్తే నాలుగు కిలోలే వచ్చింది. అది బిడ్డ ఒక్కడి బరువు.

"మీ పిల్ల గాలి పీల్చి బతుకుతోందా ఏంటి పెద్దమ్మా!" అని నవ్వుతూ బిడ్డను నాకిచ్చింది.

పిల్ల ఒక్కతే ఎక్కింది. ముల్లు సున్నా దగ్గరే ఉంది. నర్సమ్మ తనెక్కి చూసుకుంది, అరవై రెండు. పిల్లను మళ్లీ ఎక్కించింది. సున్నా. ఈసారి ఎవరూ నవ్వలేదు. నా ఒళ్లో బిడ్డ తల్లి ముఖంలోంచి వెనక గోడను చూస్తున్నాడు.

"అమ్మమ్మా, వీడికి నేను కనబడట్లేదే!" అని పిల్ల బావురుమంది.

"తినవే వెర్రిమొహమా!" అంటూ నర్సమ్మ మధ్యాహ్నానికి తెచ్చుకున్న డబ్బాలో అన్నం, పిల్ల మిషను మీదుండగానే కలిపి పెట్టాను. మూడో ముద్దకు ముల్లు వణికింది. బిడ్డ తల్లివైపు తల తిప్పాడు.

ఇప్పుడు పూటపూటా తింటోంది. అయినా అది మెట్లెక్కితే నాకింకా అడుగుల చప్పుడు వినబడదు.

కడుపు మాడ్చుకునే బాలింత ఎక్కడ కనబడినా ఈ సంగతి చెప్పు తల్లీ, మర్చిపోకు.